బోరు నీళ్ల ఈత కొలనుకు ఏ క్లోరిన్ వాడాలి, ఏ టెస్ట్ కిట్ కొనాలి?

నెల్లూరు చుట్టుపక్కల తోటల్లో, ఒంగోలు శివారు ఇళ్లలో కొత్తగా ఈత కొలను కట్టించుకున్నవాళ్లకు కాంట్రాక్టరు పని అప్పగించి వెళ్తూ మామూలుగా రెండు వస్తువులు చేతిలో పెడతాడు. ఒకటి క్లోరిన్ డబ్బా, రెండోది రెండు చిన్న సీసాలున్న టెస్ట్ కిట్. "రోజూ సాయంత్రం కాస్త వేస్తే చాలు సార్" అని చెప్పి వెళ్తాడు. ఆ డబ్బాలో ఉన్నది ఏ రకం, 'కాస్త' అంటే ఎంత, ఆ సీసాలు ఏం చూపిస్తాయి, ఏం చూపించవు అనే ప్రశ్నలు నెల తిరిగేసరికి మీద పడతాయి. అప్పటికే నీళ్లు మసకబారి ఉంటాయి, లేదా గోడల మీద పాచి మొదలై ఉంటుంది.

ఈ విషయంలో నేను గట్టిగా నమ్మే వరస ఒకటుంది. మొదట మీ నీళ్లేమిటో తెలుసుకోవాలి. నీళ్లను బట్టి క్లోరిన్ రకం, క్లోరిన్ రకాన్ని బట్టి కిట్. చాలామంది ముందు కిట్ కొంటారు, తర్వాత కొట్టువాడు ఇచ్చిన క్లోరిన్ తెస్తారు, నీళ్ల సంగతి అన్నీ చెడ్డాక చూస్తారు. మన జిల్లాల్లో నీళ్లు ఊరూరికీ మారిపోతాయి కాబట్టి ఆ పద్ధతి ఇక్కడ అస్సలు పనికిరాదు.

కొలనులో ఎన్ని నీళ్లు పడతాయో ముందే లెక్కకట్టి గోడ మీద రాసి పెట్టుకోండి. పొడవు, వెడల్పు, సగటు లోతు అడుగుల్లో గుణించి, వచ్చినదాన్ని 28.3తో గుణిస్తే లీటర్లు వస్తాయి. 30 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు, సగటున 4 అడుగుల లోతు ఉంటే దాదాపు 51,000 లీటర్లు. కింద చెప్పే మోతాదులన్నీ 50,000 లీటర్లకు చెబుతున్నాను. మీ కొలను అందులో సగమైతే మోతాదులూ సగమే.

ముందు నీళ్లు

సోమశిల నుంచి వచ్చే పెన్నా నీళ్లు, ఒంగోలుకు అందే సాగర్ కాలువ నీళ్లు ఒక రకం. బోరు నీళ్లు ఇంకో రకం. మైపాడు, కోడూరు వైపు తీరం దగ్గరి బోర్లలో ఉప్పు తగులుతుంది. కనిగిరి, పొదిలి, ఉదయగిరి వైపు మెట్ట బోర్లలో గట్టి నీళ్లు సాధారణం. మెట్ట ప్రాంతంలో అందరూ ముందు ఫ్లోరైడ్ గురించి అడుగుతారు. అది తాగే నీళ్లతో వచ్చే బాధ, క్లోరిన్ పనికి అడ్డు రాదు. కొలనును ఇబ్బంది పెట్టేవి వేరే రెండు: ఆల్కలినిటీ (నీళ్లు యాసిడ్‌ను తట్టుకునే శక్తి), కాల్షియం కాఠిన్యం (నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం). ఆల్కలినిటీ ఎక్కువుంటే మీరు యాసిడ్ పోసి పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం చూపే అంకె) దించిన ప్రతిసారీ అది మళ్లీ పైకి ఎగబాకుతుంది. కాల్షియం ఎక్కువుంటే టైల్స్ మీద, ఫిల్టర్ ఇసుకలో, పైపుల్లో తెల్ల పొర కడుతుంది. ఎండకు ఆవిరయ్యేది నీళ్లు మాత్రమే, లవణాలు కొలనులోనే ఉండిపోతాయి. పైనుంచి మళ్లీ అదే బోరు నీళ్లు కలుపుతాం. మే నెలాఖరుకి కొలను నీళ్లు బోరు కన్నా గట్టిగా తయారవడం అందువల్లే.

ఈ రెండూ కొలిపించుకోవడానికి మనకున్నంత వీలు చాలా చోట్ల ఉండదు. అల్లూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు, కొత్తపట్నం లాంటి రొయ్యల సాగు ఉన్న ప్రాంతాల్లో ఆక్వా ల్యాబులు దగ్గర్లోనే దొరుకుతాయి. రొయ్యల గుంట నీళ్లకు వాళ్లు రోజూ చేసే పరీక్షల్లో పీహెచ్, ఆల్కలినిటీ, కాఠిన్యం ఉండనే ఉంటాయి. బోరు కాసేపు నడిపాక శుభ్రమైన లీటరు సీసాను అవే నీళ్లతో మూడుసార్లు తొలిచి, గాలి మిగలకుండా అంచుదాకా నింపి ఇవ్వండి. పీహెచ్, మొత్తం ఆల్కలినిటీ, కాల్షియం, మెగ్నీషియం, ఐరన్ కావాలని అడగండి. రిపోర్టులో కాల్షియం విడిగా మిల్లీగ్రాముల్లో ఉంటే దాన్ని 2.5తో గుణించాలి. కొలను లెక్కల్లో వాడే కాల్షియం కాఠిన్యం అదే. ఐరన్ ఉందని తేలితే ముందే జాగ్రత్తపడాలి, క్లోరిన్ తగలగానే నీళ్లు తుప్పు రంగుకు తిరుగుతాయి.

ల్యాబులో పరీక్ష మాత్రమే చేయించుకోండి, సలహా మాత్రం గుంటలకు ఇచ్చేది తీసుకోకండి. రొయ్యలకు పీహెచ్ 8 పైన ఉన్నా ఫర్వాలేదు, ఆల్కలినిటీ దండిగా ఉంటేనే సంతోషం. కొలనులో అదే పీహెచ్ క్లోరిన్‌ను నీరుగారుస్తుంది. పీహెచ్ 7.5 దగ్గర క్లోరిన్‌లో దాదాపు సగం భాగమే క్రిములను చంపే రూపంలో ఉంటుంది. పీహెచ్ 8కి చేరితే అది నాలుగో వంతుకు పడిపోతుంది. వేసిన మందు అంతే, ఖర్చూ అంతే, పని మాత్రం సగం. పైగా గుంటలో పిల్ల వదలడానికి ముందు బ్లీచింగ్ ఒకేసారి కొట్టి అది పోయేదాకా ఆగుతారు. కొలనులో మనుషులు దిగి ఉన్నప్పుడు కూడా కొద్దిగా క్లోరిన్ మిగిలి ఉండాల్సిందే.

కొలనుకు కావాల్సిన అంకెలు ఇవి. పీహెచ్ 7.2 నుంచి 7.6. ఆల్కలినిటీ 80 నుంచి 120 పీపీఎం (లీటరుకు ఒక మిల్లీగ్రాము అంటే 1 పీపీఎం). కాల్షియం కాఠిన్యం 200 నుంచి 400. ఎండలో క్లోరిన్‌ను కాపాడే సయనూరిక్ యాసిడ్ 30 నుంచి 50. క్లోరిన్ విషయంలో అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ కనీసం 1 పీపీఎం ఉండాలంటుంది. సయనూరిక్ ఉన్న కొలనులో కనీసం 2 ఉండాలంటుంది. మన ఎండలకు 3 దగ్గర పెట్టుకోవడం మేలని నా అభిప్రాయం.

నాలుగు రకాల క్లోరిన్

కొలను నీళ్లలో 1 పీపీఎం క్లోరిన్ పెంచాలంటే 50,000 లీటర్లకు 50 గ్రాముల అసలు క్లోరిన్ కావాలి. అది ఏ రూపంలో తెచ్చినా అంతే. తేడా అంతా దాంతోపాటు నీళ్లలో చేరే వాటిలో ఉంది.

బ్లీచింగ్ పౌడర్ అందరికీ తెలిసినది, చవక, ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. అందులో క్లోరిన్ మూడో వంతు మాత్రమే. 1 పీపీఎంకు 150 గ్రాములు వెయ్యాలి. మిగతాదాంట్లో సున్నం పాలు ఎక్కువ, అడుగున ముద్దలా పేరుకుంటుంది. పీహెచ్ పెరుగుతుంది, కాఠిన్యం పెరుగుతుంది. బోరు నీళ్ల కొలనులో రోజూ బ్లీచింగ్ వెయ్యడమంటే చేజేతులా తెల్ల పొర కట్టించుకోవడమే. ఇంకేదీ దొరకని రోజున బకెట్‌లో కలిపి, తేరనిచ్చి, పైతేట మాత్రం వంచుకుని పొయ్యండి. రోజువారీ వాడకానికి మాత్రం నేను వద్దనే చెబుతాను.

కాల్షియం హైపోక్లోరైట్‌ను కొట్లలో కాల్ హైపో అంటారు. క్లోరిన్ 65 నుంచి 70 శాతం ఉంటుంది, 1 పీపీఎంకు సుమారు 75 గ్రాములు. బ్లీచింగ్ కంటే ఎంతో శుభ్రం. అయినా కాల్షియం చేరుతుంది. రోజుకు 2 పీపీఎం చొప్పున నెలరోజులు వేస్తే కాఠిన్యం 40 పీపీఎం పైన పెరుగుతుంది. పెన్నా నీళ్లో సాగర్ నీళ్లో నింపుకుని కాఠిన్యం 150 లోపున్న కొలనుకు ఇది ఒక రకంగా మేలు కూడా. మరీ మెత్తటి నీళ్లు టైల్స్ మధ్య సిమెంటును తింటాయి, వాటికి కాల్షియం అందాలి. బోరులోనే 400 ఉన్నవాళ్లు దీని జోలికి పోకూడదు.

సోడియం హైపో ద్రవం, లిక్విడ్ క్లోరిన్ అని క్యాన్లలో అమ్ముతారు. 10 శాతం బలమున్నదైతే 1 పీపీఎంకు అర లీటరు. కాల్షియం చేర్చదు, సయనూరిక్ చేర్చదు, కొద్దిగా ఉప్పు మాత్రమే మిగులుతుంది. బోరు నీళ్లకు రోజూ వాడటానికి దీన్ని మించింది లేదు. చిక్కల్లా నిల్వ దగ్గరే. వేసవిలో రేకుల షెడ్డులో పెట్టిన క్యాన్ కొన్ని వారాల్లోనే బలం బాగా కోల్పోతుంది. పది రోజులకు సరిపడా మాత్రమే తెచ్చుకుని, నీడలో, చల్లటి చోట ఉంచండి. రోడ్డు పక్కన ఎండలో పేర్చిన క్యాన్లు కొనకండి.

టీసీసీఏ 90 (ట్రైక్లోరో ఐసోసయనూరిక్ యాసిడ్), బిళ్లలుగానూ గుళికలుగానూ వస్తుంది. క్లోరిన్ 90 శాతం, 1 పీపీఎంకు 56 గ్రాములు చాలు. నిల్వకు తిరుగులేదు. ఇందులో సయనూరిక్ యాసిడ్ కలిసే ఉంటుంది కాబట్టి ఎండకు క్లోరిన్ వెంటనే ఎగిరిపోదు. సయనూరిక్ అసలే లేని కొలనులో నడిఎండకు క్లోరిన్‌లో ఎక్కువ భాగం రెండు గంటల్లో పోతుంది. రోహిణి కార్తెలో ఆ తేడా కంటికి కనబడుతుంది. ఇంకో సుగుణం, టీసీసీఏ ఆమ్ల గుణం కలది. ఆల్కలినిటీ ఎక్కువున్న మన బోరు నీళ్లకు అది కలిసొస్తుంది. అయితే ప్రతి 10 పీపీఎం క్లోరిన్‌తో 6 పీపీఎం సయనూరిక్ చేరుతుంది. రోజుకు 2 పీపీఎం లెక్కన నెలకు 36. రెండున్నర నెలల వేసవికి 90. సయనూరిక్ ఎండకు పోదు, ఫిల్టర్‌లో ఆగదు, ఆవిరి కాదు. అది మితిమీరితే క్లోరిన్ పరీక్షలో నిండుగా కనబడుతూనే పాచిని ఆపలేకపోతుంది. దించాలంటే నీళ్లు తోడి పారబోయడమే మార్గం. 80 నుంచి 40కి తేవాలంటే సగం నీళ్లు మార్చాలి, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు ఐదు. మే నెలలో ఊరు బిందెలతో వరసలో నిలబడినప్పుడు ఐదు ట్యాంకర్ల నీళ్లు కాలువలో వదలడం నాకు మింగుడుపడదు.

అందుకే బోరు నీళ్లున్నవాళ్లకు నేను చెప్పే దారి టీసీసీఏ, సోడియం హైపో రెండింటినీ ఒకదాని తర్వాత ఒకటి వాడేది. సీజన్ మొదట్లో నెలరోజులు టీసీసీఏ వెయ్యండి. సయనూరిక్ 30, 40కి చేరగానే ఆపేసి సోడియం హైపోకు మారండి. ఊరికి వెళ్లే నాలుగు రోజులకు మాత్రం మళ్లీ టీసీసీఏ బిళ్లలు వాడుకోవచ్చు. పెన్నా, సాగర్ మున్సిపల్ నీళ్లవాళ్లు అదే పద్ధతిలో మొదలుపెట్టి తర్వాత కాల్ హైపోకు మారితే సరిపోతుంది. పైకప్పు ఉన్న కొలనుకు ఎండ తగలదు కాబట్టి టీసీసీఏ అవసరమే లేదు.

ఉప్పుతో క్లోరిన్ తయారుచేసే యంత్రం గురించి తీరం వైపువాళ్లు అడుగుతుంటారు, నీళ్లు ఎలాగూ ఉప్పగానే ఉన్నాయి కదా అని. దానికి సుమారు 3,000 పీపీఎం ఉప్పు కావాలి, దాంతోపాటు కాల్షియం తక్కువ ఉండాలి. గట్టి నీళ్లలో దాని పలకల మీద పొర కట్టి మాటిమాటికీ యాసిడ్‌తో కడగాల్సి వస్తుంది. నేర్చుకునేవాళ్లు ఇప్పుడే దానికి ఖర్చు పెట్టొద్దు.

ఒక హెచ్చరిక, దీన్ని ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి. టీసీసీఏకు కాల్ హైపో గానీ బ్లీచింగ్ గానీ తగలకూడదు. తడి తగిలి రెండూ కలిస్తే మంట రేగుతుంది, పేలుతుంది కూడా. ఒకే మగ్గు, ఒకే బకెట్ రెండింటికీ వాడొద్దు. ఏ క్లోరిన్‌కైనా యాసిడ్ కలిస్తే విషవాయువు లేస్తుంది. ఎప్పుడూ నీళ్లలో మందు వెయ్యాలి, మందులో నీళ్లు పొయ్యకూడదు. పనివాళ్ల చేత వేయిస్తుంటే చేతి తొడుగులు, కళ్లద్దాలు మీరే కొని ఇవ్వండి.

ఇప్పుడు కిట్

రెండు సీసాల చిన్న కిట్‌లో ఒకటి పీహెచ్ కోసం ఫినాల్ రెడ్, రెండోది క్లోరిన్ కోసం ఆర్థోటాలిడిన్. పంచాయతీ నీళ్ల ట్యాంకుల దగ్గర వాడే క్లోరోస్కోప్ పద్ధతి ఇదే, నీళ్లు పసుపు రంగుకు తిరుగుతాయి. చవక, వాడటం తేలిక. అయితే ఇది మొత్తం క్లోరిన్‌ను చూపిస్తుంది. చెమటతో, మూత్రంతో కలిసి బలం పోయిన క్లోరిన్ కూడా అందులోనే కలిసి కనబడుతుంది. కళ్లు మండించే ఘాటు వాసన వచ్చేది ఆ బలం పోయిన క్లోరిన్ వల్లే. ఆదివారం పదిమంది పిల్లలు దూకి వెళ్లాక నీళ్లు నిండు పసుపు చూపిస్తాయి, పనిచేసే క్లోరిన్ మాత్రం అడుగంటి ఉంటుంది. మీరొక్కరే ఈదే కొలనుకు ఈ కిట్‌తో గడిచిపోతుంది. పిల్లలు దిగే కొలనుకు చాలదు. పరీక్ష చేసిన నీళ్లను తిరిగి కొలనులో పొయ్యకండి, ఆర్థోటాలిడిన్ ఒంటికి మంచిది కాదు.

స్ట్రిప్పులు ఒక్క ముంచుతో అయిదారు అంకెలు చూపిస్తాయి కాబట్టి ఆకర్షిస్తాయి. కానీ రంగు మెట్లు మరీ దూరందూరం, ఆల్కలినిటీ 80 తర్వాత నేరుగా 120, ఆ తర్వాత 180 అన్నట్టు. తడి చేత్తో డబ్బా తీసినా, సముద్రపు తేమ గాలికి మూత వదిలేసినా మిగతా స్ట్రిప్పులన్నీ పాడవుతాయి. ఉదయం ఓసారి చూసి నిన్నటికీ ఇవాళ్టికీ తేడా పట్టుకోవడానికి బాగుంటాయి. వాటిని నమ్మి యాసిడ్ లీటర్లు కొలిచి పొయ్యడం మాత్రం వద్దు.

నేను కొనమనేది డీపీడీ బిళ్లల కిట్. మొదటి నంబరు బిళ్ల వేస్తే పనిచేసే క్లోరిన్ ఎంతో గులాబీ రంగులో తెలుస్తుంది. అదే నీళ్లలో మూడో నంబరు బిళ్ల వేస్తే మొత్తం తెలుస్తుంది. రెండింటి తేడాయే బలం పోయిన భాగం. ఆ తేడా 0.4 దాటిందంటే క్లోరిన్ బాగా పెంచి ఒక రాత్రి వదిలెయ్యాలి. దీనిలో ఒక మోసం ఉంది, ముందే తెలుసుకోండి. క్లోరిన్ 10 దాటి ఉంటే గులాబీ రంగు వచ్చినట్టే వచ్చి తెల్లబడిపోతుంది. క్లోరిన్ లేదనుకుని ఇంకా గుమ్మరించేస్తారు. అనుమానం వస్తే కొలను నీళ్లకు నాలుగింతలు తాగే మినరల్ వాటర్ కలిపి మళ్లీ పరీక్షించి, వచ్చినదాన్ని అయిదుతో గుణించండి.

చుక్కలు లెక్కపెట్టే ఎఫ్ఏఎస్ డీపీడీ కిట్ ఇంకా కచ్చితమైనది. గులాబీ రంగు మాయమయ్యేదాకా చుక్కలు వెయ్యాలి, రంగు పోల్చే పని ఉండదు. వయసు మీద పడి రంగుల తేడా తెలియనివాళ్లకు, అపార్ట్‌మెంట్ కొలను బాధ్యత చూసేవాళ్లకు ఆ ఖర్చు దండగ కాదు. పెన్ను లాంటి పీహెచ్ మీటరు బఫర్ ద్రావణంతో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణం) తరచూ సరిచూసుకుంటేనే నమ్మదగ్గది. టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) మీటరు అంకె చూసి కాఠిన్యం అంచనా కట్టకండి, తీరప్రాంతపు ఉప్పు నీళ్లలో టీడీఎస్ ఎక్కువుండి కాల్షియం తక్కువుండవచ్చు.

ఇక్కడే క్లోరిన్ రకానికీ కిట్‌కూ ముడి పడుతుంది. టీసీసీఏ వాడేవాళ్లకు సయనూరిక్ పరీక్ష తప్పనిసరి. నీళ్లు మసకబారి గొట్టం అడుగున నల్ల చుక్క కనబడకుండా పోయే పరీక్ష అది. ఆక్వా ల్యాబులో సాధారణంగా చెయ్యరు కాబట్టి అది ఉన్న కిట్టే కొనాలి. కాల్ హైపో వాడేవాళ్లు కాఠిన్యం నెలకోసారి చూసుకోవాలి, దానికి ల్యాబు చాలు. సోడియం హైపో వాడేవాళ్లకు రోజూ పీహెచ్, క్లోరిన్, నెలకోసారి ఆల్కలినిటీ సరిపోతాయి. క్లోరిన్ మాత్రం ఎప్పుడూ కొలను ఒడ్డునే పరీక్షించాలి, సీసాలో ల్యాబుకు చేరేలోపు తగ్గిపోతుంది. నీళ్లు పైపు నోటికి దూరంగా, మోచేతి లోతులో పట్టాలి.

మొదటి వారం

ముందు ఆల్కలినిటీ, తర్వాత పీహెచ్, ఆఖరున క్లోరిన్. మున్సిపల్ నీళ్లలో ఆల్కలినిటీ తక్కువుంటే వంటసోడా చాలు, 10 పీపీఎం పెంచడానికి 840 గ్రాములు. ఆక్వా కొట్లలో సోడియం బైకార్బొనేట్ పేరుతో మూటల్లో దొరికేది అదే.

బోరు నీళ్లలో ఆల్కలినిటీ 300 ఉంటే ఓపిక పట్టాలి. 30 శాతం హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఒక లీటరు పోస్తే సుమారు 10 పీపీఎం తగ్గుతుంది. 120కి దించడానికి దాదాపు 19 లీటర్లు పడుతుంది. ఒక్కరోజులో పోశారంటే పీహెచ్ కుప్పకూలి పంపు లోహం, సిమెంటు తింటుంది. పూటకు ఒక లీటరు, పంపు నడుస్తుండగా, లోతు వైపు, గాలి వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడి నెమ్మదిగా పొయ్యండి. నాలుగు గంటల తర్వాత పీహెచ్ చూడండి. 7.2 కిందికి పోతే ఆ రోజుకు ఆపండి. నీళ్లు పైకి చిమ్మేలా పైపు తిప్పి పెడితే పీహెచ్ తనంతట తనే లేస్తుంది, ఆల్కలినిటీ మాత్రం తగ్గినచోటే ఉంటుంది. మర్నాడు మళ్లీ ఒక లీటరు. ఇలా చేస్తున్నన్నాళ్లూ యాసిడ్‌కూ క్లోరిన్‌కూ మధ్య కొన్ని గంటల ఎడం ఉంచండి. యాసిడ్ పగలు, క్లోరిన్ పొద్దుగూకాక అని పెట్టుకుంటే తికమక ఉండదు.

అక్టోబరు, నవంబరులో వాయుగుండం పట్టి రెండు రోజులు వాన కురిస్తే ఈ లెక్కలన్నీ మారతాయి. వాన నీళ్లలో ఆల్కలినిటీ, కాల్షియం దాదాపు ఉండవు. బోరు నీళ్లవాళ్లకు అది వరం, కాఠిన్యం, సయనూరిక్ రెండూ ఖర్చు లేకుండా పలచబడతాయి. కొలను ముందే ఒక అడుగు తగ్గించి ఉంచి వాన నీళ్లు పట్టుకోండి. చుట్టుపక్కల మట్టి నీళ్లు మాత్రం లోపలికి దిగకుండా గట్టు చూసుకోండి. వాన వెలిశాక మొదట క్లోరిన్, ఆ సాయంత్రమే పీహెచ్, మర్నాడు ల్యాబుకు ఒక సీసా.